పాస్తాకు, శావిగలకు ఇంటి టమోటా సాసు – సీసాలలో నిలువచేయు విధము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో టమోటా పండించని గ్రామము అరుదు. ధర ఎంత త్వరగా ఎగురునో అంత త్వరగా పడిపోవునని ఇచ్చటి రైతులకు ఎవరును చెప్పనక్కరలేదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో మేలిరకము కాయ కిలో నూరు రూపాయలు దాటినది. సెప్టెంబరు వచ్చుసరికి అదే కాయకు కోతకూలి, బండి కిరాయి పోగా మిగులునది లేకపోయినది. అట్టి వారములలో పండు చేలోనే రాలిపోవును, లేదా రోడ్డు ప్రక్కన కుప్పగా పడియుండును.

ఇంటిలో సాసు కాచినంత మాత్రమున మార్కెట్టు ధర పెరుగదు. ఎకరము పంటను సీసాలకెక్కించుట ఏ ఇంటివారికిని సాధ్యము కాదు. కాని ధర లేని వారములో ఒకటి రెండు పెట్టెల పండును కాచి పెట్టుకొన్న కుటుంబము, ధర మండిపోవు నెలలలో సంతకు పోయి టమోటా కొననక్కరలేదు. తాను పండించిన దానినే కిలో నూరు పెట్టి తిరిగి కొనుక్కొను రైతు ఇండ్లు మన శాంతిపురము మండలములో లేకపోలేదు.

సాసు అనగానే అంగడిలో అమ్ము తియ్యని కెచప్ జ్ఞప్తికి వచ్చును. ఇది అది కాదు. దీనిలో చక్కెర లేదు, వినిగరు లేదు. పాలు, వెన్న, మాంసము వంటివి ఏవియు లేవు. చిక్కగా కాచిన టమోటా గుజ్జు మాత్రమే. ఇటలీ దేశమున నేపిల్సు ప్రాంతపు కుటుంబములు వేసవి చివర ఇల్లంతా కూడి ఇట్టి గుజ్జును ఏడాదికి సరిపడ సీసాలలో నింపుకొనుట నేటికిని ఆచారము. ఆ నగరమునందే 1690 ప్రాంతమున ఆంటోనియో లాటిని అను వంటల అధికారి ప్రచురించిన గ్రంథములో టమోటా సాసు కనబడును. పాస్తాతో దానిని కలుపుట మరి నూరేండ్లకు గాని వ్రాతకెక్కలేదు. కనుక ఇటలీ వారికిని ఇది అనాదిగా వచ్చిన వంట కాదు. అమెరికా ఖండము నుండి వచ్చిన పండును వారును మనవలెనే తమ కుండకు అలవాటు చేసికొన్నారు.

పండ్ల ఎంపిక. బాగుగా ఎర్రబారి, గట్టిగా నున్న పండ్లు కావలెను. దూరపు లారీలకై దోరగా కోసిన కాయలను రెండు మూడు దినములు నీడలో పరచి మాగనీయవలెను. చీలిన పండ్లు, బూజు పట్టినవి, పురుగు తొలిచినవి పనికిరావు. కుళ్ళినంత మేర కోసివేసి తక్కినది వాడుదమను పొదుపు ఇచ్చట కూడదు. మరియొక మాట ముఖ్యమైనది. పంట చివర తెగులు సోకి ఎండిపోయిన చెట్ల మీద మిగిలిన కాయలను ఏరి తెచ్చి సీసాలలో నింపరాదు. అట్టి కాయలలో పులుపు తగ్గియుండును. పులుపు తగ్గిన ఎంత ప్రమాదమో ముందు చెప్పబోవుచున్నాను. ఆనాటి పచ్చడికో పులుసుకో మాత్రము వానిలో మంచివానిని వాడవచ్చును.

కాచుట. పండ్లను కడిగి తొడిమలు తీసి నాలుగేసి ముక్కలు కోయవలెను. కోసిన ముక్కలను గిన్నెలో ఊరక ఉంచరాదు. పండు కోయగానే అందలి కొన్ని ఎంజైములు గుజ్జును చిక్కగా పట్టియుంచు పెక్టిను అను పదార్థమును విరుగగొట్ట నారంభించును. కొంతసేపటికి నీరు పైకి, గుజ్జు క్రిందకు చేరును. ఆ పైన ఎంత కాచినను సాసు కలిసిరాదు. వేడి తగిలిన వెంటనే ఆ ఎంజైములు పనిచేయుట మానును. కనుక మొదట నాలుగైదు పండ్ల ముక్కలను మాత్రము గిన్నెలో వేసి, గరిటెతో నలుపుచు బాగుగా తెర్లనిచ్చి, ఆ తెర్లుచున్న రసములో తక్కిన ముక్కలను కోసినవి కోసినట్లే కొద్దికొద్దిగా వేయుచు నలుపవలెను. అన్నియు పడిన పిమ్మట ఐదు నిమిషములు ఉడికించి జల్లెడలో వేసి రుద్దిన తొక్క, గింజ పైన నిలిచి గుజ్జు దిగును. గింజలను మిక్సీలో వేసి నలుగగొట్టిన చేదు దిగును, జల్లెడయే మేలు.

ఈ గుజ్జును వెడల్పైన స్టీలు గిన్నెలో పోసి సన్నని మంటపై సగమగు వరకు కాచవలెను. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలును, అల్యూమినియము, ఇనుప పాత్రలును పులుపు తగిలి సాసు రుచిని, రంగును చెరచును. చిక్కబడు కొలది అడుగంటును గనుక చివరి అరగంట ప్రక్కనే నిలిచి కలియబెట్టుచుండవలెను. పది కిలోల పండుకు సుమారు మూడు లీటర్ల చిక్కని సాసు, అనగా అరలీటరు సీసాలు ఆరు వచ్చును. పండులో నూటికి తొంబది పాళ్ళకు మించి నీరే గనుక ఇంత తగ్గుటలో వింత లేదు. ఇంకను తెలుగు దేశములో ఎండ కొదువలేదు గదా, ఎండలో పెట్టి చిక్కబరచ కూడదాయని అడుగుదురు. ఒరుగులకు ఎండ మంచిది. సాసుకు మంటయే కావలెను.

పులుపు కొలత. ఇల్లాండ్రు తరచుగా వదలివేయునది ఇదియే. గాలి చొరని సీసాలో క్లాస్ట్రిడియం బొట్యులినం అను సూక్ష్మజీవి పెరిగి విషమును పుట్టించగలదు. ఆ విషము గల ఆహారము వాసనకును, చూపునకును చెడినట్లు కనబడకపోవచ్చును. దాని బీజములు నీరు మరుగు వేడికి చావవు. కాని పులుపు చాలినంతయున్న ఆ బీజములు మొలకెత్తజాలవు. పులుపును పి.హెచ్. అను అంకెతో కొలుతురు. అంకె తగ్గిన కొలది పులుపు హెచ్చు. 4.6కు లోబడియున్న క్షేమము. టమోటా సరిగా ఈ గీటు దగ్గరనే నిలుచు పండు. రకమును బట్టి, పక్వమును బట్టి ఇటో అటో యుండును. కనుక అరలీటరు సీసా ఒక్కింటికి పావు టీస్పూను నిమ్మఉప్పు తప్పక వేయవలెను. చింతపండు వేసిన చాలదాయందురు. చింతపండు పులుపునకు నిర్ణీతమైన కొలత లేదు, నిమ్మఉప్పునకు కలదు.

ఉల్లి, వెల్లుల్లి, మిరప, నూనె ఇవేవియు సీసాలో పోయు సాసులో కలుపరాదు. ఉల్లి, వెల్లుల్లి పులుపు లేని పదార్థములు, చేరిన మేర సాసు పులుపును తగ్గించును. నూనె సూక్ష్మజీవులకు వేడి తగులకుండ అడ్డుపడును. తాలింపు వేసి సీసా నింపిన రుచి కుదురునను మాట నిజమే. ఆ రుచి వండునాడు చేర్చుకొనవచ్చును. సీసాలో గుజ్జు, నిమ్మఉప్పు, కావలసినచో కొంచెము ఉప్పు మాత్రమే యుండవలెను.

సీసాలు. గాజు సీసాలను సబ్బుతో కడిగి వేడినీటిలో ఉంచవలెను. మూతలు కొత్తవై యుండవలెను. నిమ్మఉప్పు వేసిన సీసాలో మరుగుచున్న సాసును పోసి, మూతికి క్రింద ఒక సెంటీమీటరుకు మించి ఖాళీ వదలి, అంచు తుడిచి మూత బిగించవలెను. పెద్ద అండాలో అడుగున గుడ్డ మడత పరచి సీసాలు నిలిపి, మూతలపై అంగుళము మునుగునట్లు వేడినీరు పోసి మరిగించవలెను.

ఎంతసేపు మరుగవలెనో పుస్తకములలో చూచి చేయువారు ఒక సంగతి గమనించవలెను. సముద్రమట్టము ప్రాంతములలో అరలీటరు సీసాకు 35 నిమిషములు చాలును. మన కుప్పము, శాంతిపురము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నవి. ఇచ్చట నీరు నూరు డిగ్రీల వరకు పోకయే, సుమారు 98 డిగ్రీల వద్ద మరుగును. ఆ తగ్గిన వేడికి బదులుగా మరి 5 నిమిషములు, అనగా మొత్తము 40 నిమిషములు మరిగించవలెను. నీరు తెర్లుట ఆరంభమైనప్పటి నుండి గడియారము చూడవలెను. లీటరు సీసాలకు 45 నిమిషములు.

సీసాలను తీసి గుడ్డపై నిలిపి కదపక చల్లారనిచ్చిన మూత నడుమ లోనికి గుంటపడును. గుంటపడనిదానిని ఫ్రిజ్జులో పెట్టి మూడు నాలుగు దినములలో వాడుకొనవలెను. తక్కినవి తేదీ వ్రాసి చీకటి గల చల్లని చోట నుంచిన ఏడాది నిలుచును. వాడబోవునాడు మూత ఉబ్బియున్నను, తీయగానే బుసకొట్టినను, బూజు కనబడినను రుచి చూడక పారవేయవలెను, పశువులకును పెట్టరాదు. ఫ్రీజరు గల ఇంటివారు ఈ శ్రమ అంతయు మాని డబ్బాలలో గడ్డకట్టించుకొనవచ్చును. ఇరుగుపొరుగుకు ఇచ్చుకొనుట వేరు, అమ్ముట వేరు. అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొని ఆ నియమముల ప్రకారము తయారుచేయవలెను.

వండుట. అరలీటరు సీసా నలుగురికి చాలును. మూడు చెంచాల వేరుశనగ నూనె కాగిన పిమ్మట సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, నలుగగొట్టిన వెల్లుల్లి రేకలు నాలుగు వేసి, వెల్లుల్లి మాడకముందే సాసు పోసి పది నిమిషములు ఉడికించవలెను. నూనెతో ఉడికిన టమోటాలోని ఎర్రని లైకోపీను శరీరమునకు పచ్చిపండులో కంటె బాగుగా పట్టును. ఇటలీ వారు వేయు ఒరెగానో ఆకు మనకు దొరకకున్న చిటికెడు వాము నలిపి వేయవచ్చును. రెండింటను థైమాలు అను సువాసన ద్రవ్యము కలదు. పాస్తాను మనిషికి 100 గ్రాముల చొప్పున, ఉప్పు వేసిన మరుగునీటిలో కొంచెము పలుకు మిగులునట్లు ఉడికించి, ఉడికిన నీరు ఒక గరిటెడు సాసులో కలిపి, వార్చిన పాస్తాను అందు వేసి ఒక నిమిషము త్రిప్పవలెను. ఆ నీటిలోని పిండి సాసును పాస్తాకు అంటించును.

అంగడి పాస్తా లేని ఇంట మన ఒత్తు శావిగలకు ఇదే సాసు చక్కగా కుదురును. శావిగలు మెత్తనివి గనుక సాసును పైన పోసికొనవలెనే గాని కలియబెట్టరాదు. జల్లెడలో మిగిలిన తొక్కలు, గింజలు ఎరువుగుంటలో వేయుడు.