టన్ను చెక్కకు 5 గ్రాముల బూజు

వానాకాలంలో కట్టెలమోపు అడుగు నుంచి ఓ కర్ర లాగి చూడండి. తెల్లగా, పీచుపీచుగా చేతికొస్తే అది తెల్లకుళ్లు. గోధుమరంగు పెచ్చులుగా విరిగితే గోధుమకుళ్లు. రెండూ శిలీంధ్రాల పనే. కాగితం మిల్లు బోలెడు కరెంటు పోసి చేసే పనిని తెల్లకుళ్లు చప్పుడు లేకుండా చేసేస్తుంది.

20–30 శాతం
చెక్క బరువులో లిగ్నిన్ వాటా సాధారణంగా ఇంత. సెల్యులోజ్ పోగులను బిగించి చెట్టును నిలబెట్టేది ఇదే. గోధుమకుళ్లు సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తుంది. తెల్లకుళ్లు లిగ్నిన్‌నూ అరిగిస్తుంది.

30 కోట్ల ఏళ్లు
లిగ్నిన్‌ను అరిగించే ఈ విద్య వయసు సుమారు ఇంత ఉంటుందని, 31 శిలీంధ్రాల జన్యుపటాలను పోల్చిన 2012 నాటి అధ్యయనం అంచనా వేసింది.

1983
లిగ్నిన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమును ఫానెరోకీట్ క్రైసోస్పోరియం అనే తెల్లకుళ్లు శిలీంధ్రంలో అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించిన ఏడాది. హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడుతో ఇది లిగ్నిన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేస్తుంది. దాంతో నిలకడ తప్పిన లిగ్నిన్ తనంతట తానే ముక్కలవుతుంది.

5 గ్రాములు, 2 వారాలు, 30 శాతం
విస్కాన్సిన్‌లోని మాడిసన్ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల చెక్క ముక్కలకు ఆవిరి పట్టి, చల్లార్చి, టన్నుకు 5 గ్రాముల లెక్కన సెరిపోరియోప్సిస్ అనే తెల్లకుళ్లు శిలీంధ్రాన్ని కలిపింది. దానికి మేతగా, మొక్కజొన్న నానబెట్టగా మిగిలిన ద్రవం చేర్చింది. 2 వారాలు మగ్గిన ముక్కలను యంత్రాల్లో గుజ్జు పట్టడానికి కరెంటు సుమారు 30 శాతం తగ్గింది.

27–32 డిగ్రీలు
చిక్కంతా ఇక్కడే. సెరిపోరియోప్సిస్‌కు ఈ వేడే సరిపడుతుంది. ఎదిగేకొద్దీ అది తానే కుప్పను వేడెక్కిస్తుంది కాబట్టి, గాలి ఊదుతూ చల్లబరుస్తూ ఉండాలి.

40 డిగ్రీలు
ఫానెరోకీట్‌కు ఇష్టమైన వేడి ఇది. మన ఎండాకాలానికి అలవాటైన అంకె. మన సుబాబుల్, జామాయిల్ రైతుల చెక్క రాజమహేంద్రవరం, సారపాక మిల్లులకు చేరి చాలావరకు రసాయనాల్లో ఉడుకుతుంది. యంత్రపు గుజ్జుకు దక్కిన 30 శాతం ఆదా అలా ఉడికించే గుజ్జుకు నేరుగా వర్తించదు. అయినా చెక్కను ముందే మెత్తబరిచే సాయం ఏ మిల్లుకైనా పరీక్షించి చూడదగ్గదే. పద్ధతి మాడిసన్‌దైనా, మన ఎండకు తట్టుకునే బూజును మాత్రం మన కట్టెలమోపుల అడుగునే వెతకాలి.