వేట ఆగిన రోజుల్లో వడ్డీ రేటు ఎందుకు తగ్గదు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవలు సముద్రంలోకి వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేటపై నిషేధం ఉంటుంది. కాకినాడ, యానాం తీరాల్లో ఎలాగో, పుదుచ్చేరికి దక్షిణాన అరియాంకుప్పం పరిధిలోని వీరాంపట్టణం వంటి మత్స్యకార గ్రామాల్లోనూ అంతే. పడవ ఆగితే మత్స్యకారుడి రాబడి ఒక్కటే తగ్గదు. ఐసు అమ్మేవారు, వలలు బాగుచేసేవారు, చేపల బుట్టలు మోసేవారు, చివరికి టీ కొట్టు యజమాని కూడా ఆ లోటును పంచుకుంటారు.

ఆదాయాలు పడిపోతే ఏం చేయాలో ఆర్థికశాస్త్రం తొలి పాఠాల్లోనే చెబుతుంది. వడ్డీ రేటు తగ్గించాలి, ప్రభుత్వం ఖర్చు పెంచాలి. అయితే అరియాంకుప్పం కోసం వడ్డీ తగ్గించేది ఎవరు? ప్రభుత్వం ఖర్చు పెంచితే ఆ డబ్బులో ఊళ్లో నిలిచేది ఎంత? విశ్వవిద్యాలయాల్లో బోధించే ఇంటర్మీడియట్ స్థూల ఆర్థికశాస్త్రం ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతికే పద్ధతి నేర్పుతుంది.

ఇది మన ‘ఇంటర్’ కాదు

ఇక్కడ ఇంటర్మీడియట్ అంటే పదో తరగతి తర్వాతి రెండేళ్ల చదువు కాదు. డిగ్రీలో ప్రాథమిక కోర్సు పూర్తయ్యాక వచ్చే రెండో మెట్టు. మొదటి మెట్టులో జాతీయాదాయం, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం అంటే ఏమిటో తెలుసుకుంటారు. రెండో మెట్టులో అవి ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయో సమీకరణాలతో పరిశీలిస్తారు. 1936లో కీన్స్ ప్రకటించిన సిద్ధాంతాన్ని మరుసటి ఏడాదే జాన్ హిక్స్ రెండు రేఖల బొమ్మగా మలిచాడు. ఐఎస్-ఎల్ఎమ్ నమూనాగా పేరుపొందిన ఆ బొమ్మ నేటికీ ఈ కోర్సుకు వెన్నెముక. ఆ తర్వాత అసలు మలుపు వస్తుంది. అప్పటివరకు గోడ కట్టినట్టు ఊహించుకున్న దేశానికి తలుపులు తెరుస్తారు. సరుకులు, పెట్టుబడులు హద్దులు దాటడం మొదలవగానే పాత జవాబులు చాలావరకు మారిపోతాయి.

కారిపోయే గుణకం

ఒక లెక్క చూద్దాం. ఇందులోని అంకెలు కేవలం ఉదాహరణ కోసం ఊహించినవి. వేట లేని కాలంలో ఒక కుటుంబానికి ప్రభుత్వం 100 రూపాయల సాయం ఇచ్చిందనుకుందాం. వచ్చిన ప్రతి 100 రూపాయల్లో జనం 80 ఖర్చు చేస్తారనుకుందాం. బయటి ప్రపంచంతో సంబంధం లేని ఊరైతే ఆ 80 మరొకరి ఆదాయం అవుతుంది. వారు అందులో 64 ఖర్చు చేస్తారు. ఇలా చేతులు మారుతూ పోతే ఊరి మొత్తం ఆదాయం, సాయంతో కలిపి, 500 రూపాయలు పెరుగుతుంది. దీన్నే గుణకం అంటారు. ఇక్కడ దాని విలువ 5.

కానీ అరియాంకుప్పంలో కొనే బియ్యం, గ్యాస్ సిలిండర్, ఫోన్ రీఛార్జి ఆ ఊళ్లో తయారైనవి కావు. ఖర్చయిన 80లో 60 రూపాయలు బయటి సరుకులకే పోతే, ఊళ్లో రెండోసారి తిరిగేది 20 మాత్రమే. మూడోసారి 4, ఆ తర్వాత 80 పైసలు. అన్నీ కూడితే 125 రూపాయలు. గుణకం 5 నుంచి 1.25కు పడిపోయింది.

కారిపోయిన డబ్బు మాయమవలేదు. అది ఇంకెక్కడో ఆదాయంగా తేలింది. ఈ సంగతికి సాక్ష్యం అరియాంకుప్పం పక్కనే ఉన్న అరికమేడులో ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ జరిపిన తవ్వకాల్లో మధ్యధరా ప్రాంతపు మట్టి పాత్రలు, మద్యం జాడీల ముక్కలు బయటపడ్డాయి. రోమ్‌తో ఈ తీరం జరిపిన వ్యాపారానికి అవి గుర్తులు. భారతదేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నాయని క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. రోమ్ లెక్కలో కారుడు, మన వర్తకుల లెక్కలో రాబడి.

దీన్నుంచి తేలే విషయం ముఖ్యమైనది. ఊరి స్థాయిలో 1.25గా కనిపించే గుణకం దేశం మొత్తానికి లెక్కిస్తే ఎక్కువగా ఉంటుంది. బియ్యం పండించిన రైతు కూడా ఆ లెక్కలోకి వస్తాడు కదా! ఖర్చు భరించేది చిన్న ప్రభుత్వం, ఫలితం పొందేది పెద్ద ప్రాంతం అయితే, ఆ ఖర్చులో పెద్ద ప్రభుత్వం భాగం పంచుకోవడం న్యాయం మాత్రమే కాదు, గణితం కూడా.

మూడింట్లో రెండే

ఇక వడ్డీ రేటు సంగతి. మన దేశంలో రెపో రేటును రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ నిర్ణయిస్తుంది. 2016లో ఏర్పడిన ఈ కమిటీలో ఆరుగురు సభ్యులు ఉంటారు. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం హద్దులో ఉంచడం దాని బాధ్యత. అది చూసేది దేశం మొత్తాన్ని. 2020 మేలో కరోనా దెబ్బ దేశమంతటా తగిలినప్పుడు రెపో రేటును 4 శాతానికి తగ్గించారు. ఒక తీరానికే తగిలే దెబ్బకు అలా చేయలేరు.

పోనీ, పుదుచ్చేరికి వేరే వడ్డీ రేటు పెడితే? అక్కడ 4 శాతం, పొరుగున ఉన్న కడలూరులో 7 శాతం ఉందనుకుందాం. అరియాంకుప్పం మీదుగానే కడలూరు రోడ్డు పోతుంది. ఇక్కడ అప్పు తీసుకుని అక్కడ డిపాజిట్ చేసేవారు క్యూ కడతారు. తేడా చెరిగిపోయేదాకా డబ్బు అటే పారుతుంది. 1960ల తొలినాళ్లలో రాబర్ట్ ముండెల్, మార్కస్ ఫ్లెమింగ్ విడివిడిగా చేసిన విశ్లేషణ సారం ఇదే. స్థిరమైన వినిమయ రేటు, స్వేచ్ఛగా కదిలే పెట్టుబడి, సొంత వడ్డీ రేటు, ఈ మూడింట్లో ఏవైనా రెండే ఒకచోట కుదురుతాయి. ఒకే రూపాయి వాడే ప్రాంతాలు మొదటి రెండింటినీ ఎంచుకున్నట్టే.

ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరిలో బాంక్ ద లాండోషిన్ జారీ చేసిన వేరే రూపాయి నోట్లు ఉండేవి. 1954 నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చాక అంతా ఒకే ద్రవ్య వ్యవస్థలో కలిసిపోయింది. దానివల్ల లాభం పెద్దదే. పెద్ద మార్కెట్ దొరికింది, మారకపు బెడద పోయింది. అయితే ఉమ్మడి నాణెం ఉన్నచోట ఉమ్మడి ఖజానా కూడా బలంగా ఉండాలి. యూరో వాడే గ్రీసు 2010లో సంక్షోభంలో పడినప్పుడు తన వడ్డీ రేటు తగ్గించుకోలేకపోయింది, నాణెం విలువా తగ్గించుకోలేకపోయింది. ఇతర దేశాల నుంచి సాయం కఠినమైన షరతులతో అప్పు రూపంలో వచ్చింది.

మిగిలిన దారి

వేట నిషేధం ముందే తెలిసిన కష్టం. ముందే తెలిసిన లోటును పొదుపుతో పూడ్చుకోవచ్చని 1957లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ప్రతిపాదించిన శాశ్వత ఆదాయ సిద్ధాంతం చెబుతుంది. మత్స్యకారులు కొంత దాచుకుంటే ప్రభుత్వం మరికొంత కలిపి, వేట లేని నెలల్లో అందించే పొదుపు-సహాయ పథకంలో ఉన్న ఆలోచన ఇదే. చేతిలో మిగులు లేని కుటుంబానికి ఆ సిద్ధాంతం ఒక్కటే సరిపోదు కాబట్టే ప్రభుత్వ వాటా అవసరమైంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ వంటి ఆకస్మిక విపత్తుకు ఏ పొదుపూ చాలదు. అప్పుడు బయటి నుంచి నిధులు రావాల్సిందే.

ఇక్కడే పుదుచ్చేరికి ఒక ప్రత్యేక చిక్కు ఉంది. రాజ్యాంగంలోని 280వ అధికరణ కింద ఏర్పడే ఆర్థిక సంఘం రాష్ట్రాలకు కేంద్ర పన్నుల్లో వాటా సూచిస్తుంది. శాసనసభ ఉన్నా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి ఆ పంపకంలోకి రాదు. కేంద్ర బడ్జెట్ గ్రాంటు మీద ఆధారపడుతుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సొంతంగా పన్ను రేట్లు మార్చుకునే వీలు మద్యం, పెట్రోలు, డీజిల్ వంటి కొద్ది సరుకులకే పరిమితమైంది. వడ్డీ రేటు చేతిలో లేదు, పన్నుల వెసులుబాటు తక్కువ. కాబట్టి కష్టకాలంలో గ్రాంటు ఎంత, ఎప్పుడు, ఏ సూత్రం ప్రకారం వస్తుందన్నది తీరంలోని కుటుంబాలకు చాలా ముఖ్యం.

రిజర్వు బ్యాంకు రేటు మార్చిందన్న వార్త వచ్చినప్పుడు మన నెలవారీ వాయిదా తగ్గుతుందా అని చూస్తాం. దానితోపాటు మరో ప్రశ్న కూడా వేసుకోవచ్చు. దేశ సగటుకు సరిపోయిన ఆ రేటు మన ప్రాంతానికి సరిపోకపోతే, ఆ తేడాను ఎవరు, ఏ నిధితో పూడుస్తున్నారు?