పరిశోధనశాలలో పెరిగిన శ్వాసపటలము

మిరపకాయ కల్లములకెక్కు మాసములందు నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో ఆ ఘాటునకు దగ్గకుండ సాగిపోవు బాటసారి యుండడు. ఆ దగ్గు పుట్టునది శ్వాసనాళముల లోపల పఱచుకొనియున్న పలుచని కణపటలమునందు. ధూళికైనను వైరస్సునకైనను తొలుత ఎదురునిలుచునది యదియే. ఆ పటలమును దేహమునకు వెలుపల పెంచ నేర్చుట మన కాలపు వైద్యవిజ్ఞానమునకు గొప్ప లాభము.

1965లో ఇంగ్లండునందలి సాలిస్‌బరీ జలుబు పరిశోధనకేంద్రమున టిరెల్, బైనో అను శాస్త్రజ్ఞులు, మామూలు కణములలో ఎంతకును పెరుగని ఒక జలుబు వైరస్సును మానవపిండపు శ్వాసనాళపు ముక్కలలో పెంచగలిగిరి. అది కరోనా కుటుంబమునకు చెందినదని తరువాత తేలినది.

అటుపై వచ్చిన పరికరము చూపునకు అతిసామాన్యము: అడుగున సూక్ష్మరంధ్రములుగల పొరతోగూడిన చిన్న గిన్నె. ఆ పొరపై మానవ శ్వాసనాళ కణములను నాటి, అవి ఒండొంటిని తాకునంతవఱకు పెరిగిన పిమ్మట పైనున్న ద్రవమును తీసివేసి, క్రిందినుండి మాత్రమే పోషకద్రవ మందించుచు, మీదిభాగమును గాలికి విడుతురు. మూడు నాలుగు వారములలో కొన్ని కణములు శ్లేష్మమును స్రవించును. మఱికొన్నిటికి నూగువంటి శైలికలు మొలచి, సెకనుకు సుమారు పదిమార్లు కదలాడుచు ఆ శ్లేష్మమును నెట్టుచుండుట సూక్ష్మదర్శినిలో స్పష్టముగ గాననగును. వైరస్సును పైభాగముననే, అనగా అది సహజముగ తాకుచోటనే, వేయుదురు. 2005లో హాంకాంగు శాస్త్రజ్ఞులు ప్రకటించిన హెచ్‌కేయూ1 అను కరోనా వైరస్సు 2010లో తొలిసారి పెరిగినది ఇట్టి పటలముమీదనే. ఆ యేటనే హార్వర్డునందలి వీస్ సంస్థలో హూ, ఇంగ్‌బర్ ప్రభృతులు, ఊపిరివలె సాగి ముడుచుకొను ఊపిరితిత్తి చిప్పును ప్రకటించిరి.

2020 మార్చిలో, కరోనా లాక్‌డౌన్ వేళ, హైదరాబాదునుండి స్వగ్రామములకు బయలుదేరినవారు జగ్గయ్యపేట చేరువనున్న గరికపాడు చెక్‌పోస్టువద్ద నిలిచిపోయిరి. కొలది నెలలలోనే, అదే రహదారిమీదనున్న హైదరాబాదున, సీసీఎంబీ అను పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు రోగుల నమూనాలనుండి కరోనా వైరస్సును వేరుచేసి వీరో కణములలో పెంచిరి. అవి 1962లో జపానున ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండమునుండి తీసిన కణముల సంతతి. కోతి మూత్రపిండము మనుష్యుని ఊపిరితిత్తి కానేరదు గదా! కావుననే సీసీఎంబీ 2020లోనే బెంగుళూరు ఐస్టెమ్ సంస్థతో కూడి మానవ ఊపిరితిత్తి కణములలో వైరస్సును పెంచుటకు పూనుకొన్నది.

ఈ భేద మెంతటిదో క్లోరోక్విన్ అను మలేరియా మందు నిరూపించినది. వీరో కణములలో వైరస్సు లోపలి ఆమ్లపు సంచులగుండ ప్రవేశించును. ఆ ఆమ్లతను తగ్గించి ఈ మందు దానిని అడ్డగించును. మానవ ఊపిరితిత్తి కణములలోనో, టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అను ఎంజైము ఉపరితలముననే ప్రవేశమార్గము కల్పించుటచే, ఆ మందు నిష్ఫలమైనదని 2020లోనే జర్మనీ శాస్త్రజ్ఞులు తేల్చిరి. గాలికి తెఱచిన శ్వాసపటలముమీద హైడ్రాక్సీక్లోరోక్విన్ సైతము పనిచేయలేదని ఫ్రాన్సు పరిశోధకులు కనుగొనిరి.

ఈ గిన్నెలో రక్తప్రసారము లేదు; దేహమునందలి రోగనిరోధకశక్తి యంతయు లేదు; రోగిపై చేయు పరీక్షకు ఇది ప్రత్యామ్నాయము గానేరదు. అయినను పల్లె రోగి నోటికి చేరబోవు మందు ముందుగా మానవ శ్వాసపటలముమీద నెగ్గి రావలెనని కోరుట న్యాయము. ఆ పరీక్షకు వలయు కణములను, నైపుణ్యమును మన ప్రయోగశాలలలోనే సిద్ధముగ నుంచుకొనుట మన కర్తవ్యము.