గాలిఓడలో వచ్చినదెవరు?

1896 నవంబరు 17 రాత్రి. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటో పట్టణం. దారినపోయేవాళ్లు తలెత్తి చూసి అలాగే నిలబడిపోయారు. ఇళ్ల కప్పుల మీదుగా ఓ పెద్ద దీపం తాపీగా సాగిపోతోంది! దాని వెనక నల్లటి ఆకారం ఉందన్నారు కొందరు. పైనుంచి మనుషుల మాటలు వినిపించాయన్నారు మరికొందరు.

విమానం అయివుంటుందిలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. రైట్ సోదరులు తొలిసారి ఎగిరింది 1903 డిసెంబరు 17న. అదీ 12 సెకన్లు! అంతెందుకు, లూమియేర్ సోదరులు పారిస్‌లో జనానికి సినిమా చూపించి అప్పటికింకా ఏడాదైనా నిండలేదు. కదిలే బొమ్మే మహావింత అయిన రోజుల్లో ఆకాశంలో ఓడ కదిలితే ఇంకేముంది!

1897 ఏప్రిల్ నాటికి ఆ గాలిఓడ నెబ్రాస్కా, కాన్సస్, షికాగో, టెక్సస్... ఎక్కడ చూస్తే అక్కడే. పత్రికలవాళ్లకి పండగే పండగ. ఇది ఎడిసన్ మహాశయుడి పనే అని పుకారు పుడితే, పాపం, ఆయన కాదు మొర్రో అని ఖండించాల్సి వచ్చింది. కాన్సస్‌లో అలెగ్జాండర్ హామిల్టన్ అనే రైతు గాలిఓడవాళ్లు తన పెయ్యదూడని తాడేసి పైకి లాక్కుపోయారన్నాడు. అదంతా మిత్రులతో కలిసి సరదాకి కోసిన కోత అని తర్వాత బయటపడింది!

అసలు క్లైమాక్సు టెక్సస్‌లో జరిగింది. ఏప్రిల్ 17 తెల్లవారుజామున అరోరా అనే చిన్న ఊళ్లో గాలిఓడ ఒక జడ్జిగారి గాలిమరకి గుద్దుకుని ముక్కలయిందట. చనిపోయిన చోదకుడు ఈ లోకంవాడు కాడట. అయినా ఊరివాళ్లు శాస్త్రోక్తంగా సమాధి చేశారట. రెండు రోజుల తర్వాత డల్లాస్ పత్రికలో ఈ వార్త రాసినవాడు ఆ ఊరి ఎస్.ఇ. హేడన్.

మరి నిజం? ఆ రోజుల్లో సాయంత్రంపూట పడమట శుక్రగ్రహం ధగధగ మెరుస్తుండేది. చాలామంది దీపం అనుకున్నది దాన్నేనని పరిశోధకుల మాట. పైగా జూల్స్ వెర్న్ 1886లోనే ఆకాశనౌక మీద నవల రాసి జనం బుర్రల్లో ఆశ నాటేశాడు. ఇక అరోరా సంగతి వింటే నవ్వు రాదు. వస్తుందనుకున్న రైలు ఆ ఊరికి రాలేదు. విషజ్వరాలు వచ్చాయి. జనం ఇళ్లకి తాళాలేసి వెళ్లిపోతున్నారు. చచ్చిపోతున్న ఊరిని బతికించాలనే హేడన్ ఆ కథ అల్లాడని 1979లో ఆ ఊరి పెద్దావిడ ఒకరు చెప్పింది.

అల్లితే అల్లాడు గాని, కథ మాత్రం పారింది! ఆ ఊరి శ్మశానం దగ్గర ప్రభుత్వంవారు పెట్టిన చారిత్రక ఫలకంలో ఈ గాథ ప్రస్తావన ఉంది. 1986లో ‘ది అరోరా ఎన్‌కౌంటర్’ అనే సినిమా కూడా వచ్చింది. రైలు రాని ఊరికి ఇప్పటికీ మనుషులొస్తున్నారు... ఎవరూ దిగని ఆ గాలిఓడని వెతుక్కుంటూ!