స్థానిక ప్యాకేజీల పరంపర – కంపోజర్ పద్ధతి

పి.హెచ్.పి. భాషలో ప్రోగ్రాములు వ్రాయువారు తమకు వలసిన ప్యాకేజీలను సమకూర్చుకొనుటకు 2012లో వెలువడిన కంపోజర్ అను సాధనమును వాడుదురు. మన కంప్యూటరులోనే యున్న ప్యాకేజీలను గూడ నిది స్వీకరించును. అయితే ఇందొక చిక్కు కలదు.

ఒక దుకాణపు ప్రాజెక్టునకు 'బిల్లు' అను స్థానిక ప్యాకేజీయు, దానికి 'పన్ను' అను మరొక స్థానిక ప్యాకేజీయు కావలసి యున్నవనుకొందము. 'పన్ను' ఉన్న చోటును 'బిల్లు' తన ఫైలులో వ్రాసికొన్నను, ప్రాజెక్టులో స్థాపించునపుడు కంపోజర్ దానిని లెక్కగొనదు. 'పన్ను' దొరకలేదని చెప్పి పని ఆపివేయును.

ఇది లోపము కాదు. ప్రతి ప్యాకేజీయు చూపిన చోటికెల్ల పోయి వెదకినచో పని మందగించును. మన మెరుగని చోటినుండి ఏదియో వచ్చి చేరవచ్చును. కావున ఏది యెచటినుండి తేవలెనో నిర్ణయించు అధికారము ప్రధాన ప్రాజెక్టునకే కలదు.

రెండు ప్యాకేజీల దారులను ప్రధాన కంపోజర్.జేసన్ ఫైలులోనే వ్రాయవలెను. అవి యొకే ఫోల్డరులో నున్నచో నక్షత్రపు గుర్తుతో నొక్క దారి చాలును. 'పన్ను' ఇంకను అభివృద్ధి దశలోని వెర్షనైనచో, దానికి అనుమతియు నచటనే ఈయవలెను.

బంధువుల బంధువులకైనను పెండ్లి పిలుపు ఇంటి పెద్దయే పంపవలెను గదా!