తపాలా బిళ్లలపై అడవిపూవులు

తపాలా బిళ్ల చూచుటకు చిన్నదే గాని, దానిని ముద్రించిన దేశముయొక్క ముఖము దానియందు గానవచ్చును. పరప్రభుత్వపు దినములలో మన బిళ్లలపై మకుటధారియైన ప్రభువు తలయే ప్రధానముగా నుండెడిది. 1947 నవంబరు 21వ తేదీన స్వతంత్ర భారతము వెలువరించిన మొదటి బిళ్లపై త్రివర్ణపతాకము నిలిచినది. కాలక్రమమున మన పూవులకును చోటు దొరకినది. 1977లో తామరతోను కడిమితోను గూడ అడవినాభి వచ్చెను. 1981లో మోదుగయు రేలయు, 1982లో హిమాలయముల బ్రహ్మకమలమును, 2006లో నీలకురింజియు వచ్చినవి.

ఇది యుచితమైన మార్గము. తోటలోని గులాబి యే దేశమునకైన జెల్లును. అడవిపూవు తాను బుట్టిన నేలకే సాక్ష్యమిచ్చును. అయితే ఆ సాక్ష్యము సత్యముగా నుండవలెను. అడవినాభినే చూడుడు. సంస్కృతమున దానికి లాంగలి యని పేరు. దాని రేకులు మొదట పసుపు, కొనలయం దెఱుపు. వెనుకకు మడిగి జ్వాలలవలె నిలుచును. ఆకుకొన నులితీగయై ప్రక్కకొమ్మను జుట్టుకొనును. ఆ కొనను విడిచి యెఱుపును మాత్రమే దిద్దిన చిత్రకారుడు రంగును జూపినవాడే గాని మొక్కను జూపినవాడు గాడు.

ఈ విద్య మనకు క్రొత్త గాదు. సామర్లకోటలో నుండి మన మొక్కలను బరిశోధించిన రాక్స్‌బరో దొర కోరమండల తీరపు మొక్కలనుగూర్చి వెలువరించిన గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా అచ్చుపడెను. అందలి 300 చిత్రఫలకములకు మూలమైన బొమ్మలను వ్రాసినవారు దేశీయ చిత్రకారులే. దొర పేరు నిలిచినది. ఆ చేతుల పేరులు మఱుగుపడినవి. తెలుగు పేరులను మాత్ర మాయన శ్రద్ధతో వ్రాసికొనెను. పరదేశీయుడు చూపిన యా శ్రద్ధను మనము చూపకుండుట తగునా? బిళ్లపై హిందీ, ఆంగ్లములకే చోటున్నచో, దానితో వెలువడు వివరణ పత్రమునందైన ఆ పూవు పుట్టినచోటి పేరును అచ్చొత్తింపవలెను. నీలకురింజి కొండవారి పేరుతోనే లోకప్రసిద్ధి గాంచినది గదా!

ఆ నీలకురింజియే మఱియొక పాఠము చెప్పుచున్నది. పండ్రెండేండ్ల కొకమాఱు పూచి, గింజవైచి, ఆ మొక్క చచ్చిపోవును. 2018లో పూచినది, మరల 2030లో పూయవలెను. అది పెరిగెడి కొండపచ్చికలు పెక్కు తేయాకుతోటల పాలైనవి. నేల పోయినపిమ్మట బిళ్ల మిగిలిన నది స్మారకశిలయే యగును.

తంగేడు, గునుగు మన బీళ్లలో బూచి బతుకమ్మను నింపుచున్నవి. ఇట్టి వానిని బ్రదికియున్న మొక్కను జూచి చిత్రింపుడు. ప్రజలు పిలుచు పేర బిలువుడు. అవి పూచెడి బీడును గాపాడుడు. అప్పుడే యా బిళ్ల దేశముయొక్క ముఖమగును.