పెడదామా, చేయించేసుకుందామా?

వరికోతల రోజుల్లో తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రోడ్లు సగం కళ్లాలైపోతాయి. ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పెడతారు. రాత్రి పూట దగ్గరకొచ్చేదాకా ఆ రాళ్లు లైట్లకు ఆనవు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి చేపల లారీలు వెళ్లిన దారి ఐసు నీళ్లు కారి తడిగా ఉంటుంది, బ్రేకు వేస్తే బండి ఆగదు. ఏలూరు కాలువ గట్టు మీద ట్రాక్టరు ఎదురొస్తే తప్పుకోవడానికి చోటుండదు. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర రివర్సు చేసే లారీకి వెనకున్న చిన్న కారు కనపడదు.

ఎక్కడ తగిలినా, మనుషులకేం కాలేదని తేలాక, సొట్ట వంక చూస్తూ అందరూ అనుకునే మాట ఒకటే. ఇన్సూరెన్సుకి పెడదామా, మనమే చేయించేసుకుందామా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. షోరూములో సర్వీస్ అడ్వైజర్ 'పెట్టేయండి సార్, మీ చేతి డబ్బులు పోవు' అంటాడు. షెడ్డులో టింకరింగ్ మేస్త్రీ 'ఎందుకండీ, మూడు రోజుల్లో నేను చేసిచ్చేస్తాను' అంటాడు. ఏజెంటు బోనస్ పోతుందని బెదరగొడతాడు. ముగ్గురూ మంచివాళ్లే కావచ్చు. కానీ షోరూముకు పెద్ద బిల్లు కావాలి, మేస్త్రీకి పని కావాలి, ఏజెంటుకు రెన్యువల్ కావాలి. మన జేబు లెక్క మనం తప్ప ఇంకెవరూ వెయ్యరు. అది వెయ్యడానికి పావుగంట, పాలసీ కాగితం, ఒక పెన్ను చాలు.

ఆరేళ్ల వయసున్న చిన్న కారు అనుకుందాం. ఇంజిన్ 1500 సీసీ లోపు. మామూలు ఫుల్ ఇన్సూరెన్సు ఉంది, తరుగు కొయ్యకుండా చూసే జీరో డెప్ లేదు. యజమాని అయిదేళ్లుగా ఒక్క క్లెయిమూ పెట్టలేదు కాబట్టి ప్రీమియంలో తగ్గింపుగా వచ్చే నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరింది. ముందు గుద్దుకుని బంపర్, ఒక ఫెండర్ పోయాయి. ఎస్టిమేషన్‌లో బంపర్ 8 వేలు, ఫెండర్ 5 వేలు, పెయింటింగ్ 6 వేలు, లేబర్ 3 వేలు. మొత్తం 22 వేలు. 22 వేలు కంపెనీ ఇచ్చేస్తుందనుకునే చాలామంది సంతకం పెడతారు.

కంపెనీ ఇచ్చేది అంత కాదు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు సగమే వస్తుంది. టైర్లు, బ్యాటరీ కూడా అంతే. కాబట్టి బంపర్‌కు 4 వేలు. లోహపు భాగాలకు కారు వయసును బట్టి తరుగు తీస్తారు. అయిదేళ్లు దాటి పదేళ్ల లోపు కారుకు 40 శాతం పోతుంది, ఫెండర్‌కు 3 వేలు మిగులుతుంది. పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం కోస్తారు, అంటే 5,250 వస్తుంది. లేబర్ 3 వేలకు కోత లేదు. అన్నీ కలిపితే 15,250. అందులోంచి ప్రతి క్లెయిమ్‌లోనూ మనమే భరించాల్సిన వెయ్యి తీసేస్తే 14,250. కారు 1500 సీసీ దాటితే తీసేసేది 2 వేలు.

ఇప్పుడు పోయేది చూద్దాం. బోనస్ వర్తించేది మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియానికే, ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీకి కాదు. బోనస్ తీసెయ్యక ముందు ఈ కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏడాదికి 10 వేలు అనుకుందాం. క్లెయిమ్ పెట్టకపోతే ఏటా 5 వేలే కడతాం. పెడితే బోనస్ సున్నాకు పడిపోయి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. తర్వాతి ఏడాది 20 శాతం, ఆపైన 25, 35, 45, అప్పుడు గానీ 50 రాదు. అంటే మొదటి రెన్యువల్‌లో 5 వేలు అదనంగా కడతాం. ఆ తర్వాత వరసగా 3 వేలు, 2,500, 1,500, 500. మొత్తం 12,500. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 14,750. వచ్చేది 14,250, పోయేది 14,750.

కారు పాతబడేకొద్దీ దాని విలువా, ప్రీమియమూ తగ్గుతాయి కాబట్టి పోయేది ఇంతకన్నా కొంచెం తక్కువే ఉండొచ్చు. కానీ మరో సంగతి కూడా ఉంది. 22 వేలు షోరూము లెక్క. షెడ్డులో పాత ఫెండర్‌నే సాపు చేసి, బంపర్‌ను అతికించి, రంగు వేయిస్తే సాధారణంగా అంతకంటే బాగా తక్కువలో తేలుతుంది. కాబట్టి నా మట్టుకు నేను చెప్పేది, బోనస్ 50 శాతంలో ఉన్న పాత కారుకు గీతలకీ, ఒకటి రెండు సొట్టలకీ ఇన్సూరెన్సు జోలికి పోవద్దు. కారు మార్చే ఆలోచనలో ఉన్నవాళ్లయితే అసలే వద్దు. బోనస్ కారుది కాదు, యజమానిది. పాతది అమ్మేసి కొత్తది కొంటే దానికి తెచ్చుకోవచ్చు. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎక్కువ కాబట్టి అక్కడ దాని విలువ ఇంకా పెరుగుతుంది. రెన్యువల్ గడువు దాటి 90 రోజులు వదిలేస్తే మాత్రం ఏళ్ల తరబడి కూడబెట్టిన బోనస్ అంతా పోతుంది.

ఇదే లెక్క కొత్త కారుకు తిరగబడుతుంది. రెండేళ్ల కారు, జీరో డెప్ ఉంది, బోనస్ ఇంకా 20 శాతం దగ్గరే ఉంది అంటే తరుగు కోత లేదు, పోయే బోనస్సూ తక్కువ. అక్కడ 15 వేల బిల్లుకు కూడా పెట్టడమే న్యాయం. బోనస్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకున్నవాళ్లకు ఈ తర్జనభర్జన చాలావరకు అక్కర్లేదు. దెబ్బ చాసిస్, ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్‌ల దాకా వెళ్లినా అంతే, ఏ వయసు కారైనా క్లెయిమ్‌కే వెళ్లాలి. ఒకటి మాత్రం వద్దు. క్లెయిమ్ పెట్టిన ఏడాది కంపెనీ మార్చి, క్లెయిమ్ లేదని రాసి బోనస్ తీసుకోమనే సలహా వినొద్దు. రేపు పెద్ద ప్రమాదం జరిగితే ఆ అబద్ధమే క్లెయిమ్‌కు అడ్డు పడుతుంది.

లెక్క తీరిగ్గా ఇంటికెళ్లి వేసుకోవచ్చు గానీ, ప్రమాదం జరిగినచోట చెయ్యాల్సినవి అప్పుడే చెయ్యాలి. బండి కదపక ముందే నాలుగు వైపులా ఫోటోలు తీయాలి, నంబరు ప్లేటు, రోడ్డు కనపడేలా. కంపెనీకి ఆ రోజే చెప్పాలి. సర్వేయర్ చూడక ముందు షెడ్డులో విప్పించకూడదు. చెప్పినంత మాత్రాన డబ్బు తీసుకున్నట్టు కాదు. సర్వేయర్ అంచనా చూశాక గిట్టుబాటు కాదనిపిస్తే వెనక్కి తీసుకోవచ్చు, క్లెయిమ్ మూసేసినట్టు కాగితం మీద తీసుకుంటే చాలు. మొదట చెప్పకుండా, షెడ్డులో విప్పాక లోపల రేడియేటర్ కూడా పోయిందని తెలిసి అప్పుడు పరిగెత్తేవాళ్లకే ఇబ్బంది. అలా ఆలస్యమైనవాళ్లు కూడా ఆశ వదులుకోనక్కర్లేదు. తగిన కారణం ఉంటే, ఆలస్యం ఒక్కటే చూపించి నిజమైన క్లెయిమ్‌ను కొట్టెయ్యకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకు చెప్పింది. 2017లో ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టూ ఆ మాటే అంది.

మన ఊళ్లలో అలవాటైన రోడ్డు మీద రాజీ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. అవతలి బండి వాడికో, సైకిల్ మీదున్న పెద్దాయనకో తగులుతుంది. చుట్టూ నలుగురు చేరతారు. 'తప్పు నాదేనండి' అని ఒప్పుకుని, పదో పాతికో వేలు చేతిలో పెట్టి వచ్చేస్తాం. మంచితనమే, కాదనను. అయితే కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, డబ్బు ఇస్తామనడం గానీ చెయ్యకూడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. రేపు అవతలివాళ్లు పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళితే ఆ రాజీ మనకే ఎదురు తిరుగుతుంది. మనిషికి దెబ్బ తగిలిందంటే ముందు ఆస్పత్రి, తర్వాత పోలీస్ స్టేషన్, ఆపైన కంపెనీ. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం అది మన బాధ్యత. అక్కడ పెడదామా వద్దా అనే ప్రశ్నే లేదు.

శబరిమలకో, తిరుపతికో సొంత వాడకానికి రిజిస్టరైన ఓన్ బోర్డు కారు బాడుగకు ఇవ్వడం మన దగ్గర మామూలే. పాలసీ సొంత వాడకానికే కాబట్టి, దారిలో గుద్దుకుంటే కంపెనీ మొదట చూసేది బాడుగ సంగతే. 2010లో అమలేందు సాహు కేసులో బాడుగ పేరుతో క్లెయిమ్ పూర్తిగా తోసెయ్యడం సరికాదని సుప్రీంకోర్టు చెప్పి కొంత మొత్తం ఇప్పించింది. ఆ కొంత కోసం అక్కడిదాకా వెళ్లే ఓపిక ఎందరికి ఉంటుంది?

కొల్లేటి ప్రాంతంలో సొట్టల కంటే పెద్ద శత్రువు నీళ్లు. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కార్లు, ఆటోలు, స్కూటర్లు వీధుల్లోనే మునిగిపోయాయి. ఆ నీళ్లన్నీ చేరేది మన కొల్లేరుకే. కొల్లేరు పొంగితే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొస్తాయి. ఎర్రకాలువ పొంగితే గూడెం చుట్టుపక్కల పొలాలు, దారులు మునుగుతాయి. ఫుల్ ఇన్సూరెన్సులో వరద, తుపాను నష్టం కవరవుతుంది. అందుకే చాలామంది ధీమాగా ఉంటారు.

గొడవంతా ఇంజిన్ దగ్గర వస్తుంది. నీళ్లలో నిలిచిన కారును తాళం తిప్పి స్టార్ట్ చేస్తే, సిలిండర్‌లోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ మొత్తం పోయినట్టే. కంపెనీ దాన్ని వరద నష్టంగా ఒప్పుకోదు, వరద తర్వాత మీరు చేసిన పని వల్ల వచ్చిన నష్టం అంటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోని పాలసీలో దానికి పైసా రాకపోవచ్చు. స్టార్ట్ చెయ్యకుండా బ్యాటరీ వైరు తీసి, ఫోటో తీసి, తోయించుకునో లాగించుకునో షెడ్డుకు చేర్చిన కారుకు సీట్లు, వైరింగ్, శుభ్రం చేసే ఖర్చు దాకా అడగొచ్చు. గూడెం నుంచి ఏలూరు, కైకలూరు, ఆకివీడు దాకా తిరిగే ప్రతి కారుకూ ఇంజిన్ ప్రొటెక్ట్ ఉండాలని నా గట్టి అభిప్రాయం. సొట్టల కోసం కాకపోయినా, దీని కోసం రెన్యువల్ రోజున కొంచెం ఎక్కువ కట్టండి.

ఆ రోజే చూసుకోవాల్సింది ఇంకోటి ఐడీవీ, అంటే కంపెనీ ఒప్పుకున్న మీ కారు విలువ. ప్రీమియం తగ్గుతుందని దాన్ని తగ్గించి రాసే ఏజెంట్లున్నారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కంపెనీ టోటల్ లాస్ అంటుంది, ఇచ్చేది ఐడీవీ మేరకే. తగ్గించి రాసిన విలువ అప్పుడు గుండెకు తగులుతుంది. అంచనా తక్కువగా ఉందనిపిస్తే సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకుని, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు రాయొచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు.

టోటల్ లాస్‌కు ఒప్పుకున్నాక కారు తుక్కు కింద వెళ్లిపోతుంది. అప్పుడు ఆర్‌సీ కథ కూడా ముగించాలి. కారు పనికిరాకుండా పోయిందని 14 రోజుల్లోగా ఆర్టీవోకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించడం చట్ట ప్రకారం యజమాని పని. చేయించకపోతే ఆ చాసిస్ నంబరు ఎక్కడో ఒక దొంగ బండి మీద తేలవచ్చు, పోలీసులు వచ్చేది మీ ఇంటికి. కంపెనీ చూసుకుంటుందిలే అనుకోకుండా, రద్దు కాగితం చేతికొచ్చేదాకా అడుగుతూనే ఉండండి.